లివరు మీద చర్య తీసుకోవాలి

మన లివరుకి సంప్రదాయం అంటే బొత్తిగా గౌరవం లేదు, చాలా బాధతో రాస్తున్నాను. తిరుపతిలో పొద్దున్నే గ్రౌండు గేటు బయట స్టీలు క్యాన్లలో కాకరకాయ, తిప్పతీగ, గోధుమగడ్డి రసాలు అమ్ముతుంటారు కదా, మా వాకింగ్ బ్యాచ్ పెద్దాయన ముక్కు మూసుకుని గ్లాసు ఖాళీ చేసి "ఇది కెమికల్ కాదు సామీ, ఆకు. సైడ్ ఎఫెక్టులుండవు" అంటాడు. ఈ సంగతి లివరుకి ఎవరూ చెప్పినట్టు లేరు.

పసుపునే చూడండి. అందులో గుణమంతా దానిదే అని చెప్పుకునే కర్కుమిన్ అనే పదార్థం ఉండేదే సుమారు 3 శాతం. అందులోనూ పేగు పీల్చుకునేది కొంచెం. ఆ కాస్తనీ పేగు గోడా లివరూ కలిసి అలిపిరి చెక్‌పోస్టులో ఆపినట్టు ఆపి, గ్లూకురోనిక్ ఆమ్లమో సల్ఫేటో ట్యాగులా తగిలించి బయటికి సాగనంపుతాయి. పారాసిటమాల్‌కీ అచ్చం ఇదే మర్యాద! అమ్మమ్మల నాటి పసుపూ మెడికల్ షాపు బిళ్లా ఒకే క్యూలోనా?

మనవాళ్లు ఊరుకుంటారా, సిఫార్సు లెటరు పట్టుకొచ్చారు. మిరియం. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్లు 2 గ్రాముల కర్కుమిన్‌కి మిరియంలో ఉండే ఘాటు పదార్థం పైపరిన్ 20 మిల్లీగ్రాములు కలిపి ఇస్తే, రక్తంలోకి చేరేది దాదాపు 20 రెట్లు పెరిగింది. ఆ ట్యాగు వేసే ఎంజైములను పైపరిన్ కాసేపు పక్కన కూర్చోబెడుతుంది మరి. కానీ ఒక లెటరు మీద పదిమంది దూరడం మనకు తెలియందా? ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్, బీపీకి వాడే ప్రొప్రనొలాల్ కూడా ఆ లెటరు మీదే రక్తంలో మోతాదు పెంచుకుంటాయి. డాక్టరు మామూలు లెక్కన డోసు రాసుంటాడు, పొద్దున తాగే కషాయం గురించి ఆయనకు చెప్పే అలవాటు మన ఇళ్లలో ఎక్కడుంది.

లివరొక్కటే అయితే సర్దుకుపోదుం, పేగుల్లో బ్యాక్టీరియా ఇంకో బ్యాచ్. అతిమధురంలోని తీపి పదార్థం గ్లైసిరైజిన్‌ను అవి గ్లైసిరెటినిక్ ఆమ్లంగా మార్చేస్తాయి, అది రోజూ ఎక్కువగా పడితే ఒంట్లో సోడియం నిలిచి, పొటాషియం తగ్గి, బీపీ లేస్తుంది. గొంతుకి మంచిదని వేరు చప్పరిస్తూనే, బీపీ ఎందుకు దిగట్లేదా అని కూరలో ఉప్పు మానేసేవాళ్లున్నారు, పాపం.

కాబట్టి లివరుని తక్షణం సస్పెండ్ చేసి, ఆకేదో కెమికలేదో చూడగానే పోల్చుకునే అవయవాన్ని ఆ సీట్లో కూర్చోబెట్టాలని నా డిమాండ్. అంతవరకూ పొడపత్రి ఆకు ఉంది. నమిలితే లివరుతో పనే లేకుండా, అందులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీదే తీపికి అడ్డం పడతాయి. కాసేపు లడ్డూ తిన్నా నెయ్యీ ఏలకులూ తెలుస్తాయి గానీ తీపి తెలియదు. మా వీధిలో షుగరున్న ఒకాయన అదే వాడుతున్నాడు. ఆకు చేదని క్యాప్సూల్ తెప్పించుకుని, నాలుకకి తగలకుండా నీళ్లతో మింగి, ప్రసాదం వద్దనకూడదు కాబట్టి లడ్డూ మొత్తం తింటున్నాడు.