ఫ్రిజ్ తలుపులో కొలువున్న కంటి చుక్కల సీసా గారికి

మహారాజశ్రీ సగం మిగిలిన కంటి చుక్కల సీసా గారికి,

శ్రీకాకుళం నుంచి, అంటే మీకు పది అడుగుల దూరంలో ఉన్న హాల్లోంచి, నమస్కరించి రాయునది. ఇచ్చట అందరం క్షేమం, మా చిన్నాన్న ఎడమ కన్ను తప్ప. అచ్చట తమరు గుడ్ల ట్రేకీ నిమ్మకాయ పచ్చడికీ మధ్య చల్లగా ఉన్నారని తలుస్తాను.

తమరు ఈ ఇంట అడుగుపెట్టింది 2023 వానాకాలంలో. కళ్లకలక ఊళ్లకి ఊళ్లని చుట్టేసి, బడికెళ్లే గుంటలంతా నల్ల కళ్లద్దాలు పెట్టుకుని తిరిగిన రోజులవి. మా చిన్నదానికి తెల్లారేసరికి రెప్పలు విడేవి కావు, పచ్చటి పుసితో అంటుకుపోయేవి. డాక్టరు గారు చూసి, ఇది బాక్టీరియాదే అనుకుని, రోజుకి నాలుగుసార్లు వారం రోజులని యాంటీబయాటిక్ చుక్కలైన తమర్ని రాశారు. పిల్లకి తగ్గిపోయింది. ఆ తర్వాత ఎన్నికలొచ్చాయి, ప్రభుత్వం మారింది. తమరు మాత్రం సీటు వదల్లేదు.

సగం మిగిలిపోవడంలో తమరి తప్పేమీ లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. 5 మి.లీ. సీసాలో దాదాపు నూరు చుక్కలుంటాయి. రెండు కళ్లకీ రోజుకి నాలుగేసి చొప్పున వారమంతా వేసినా 56. కోర్సు పూర్తిగా వాడిన ఇంట్లోనూ సీసా మిగులుతుంది. మిగిలినదాన్ని పారేయడానికి మా వాళ్లకి చేతులు రావు. డబ్బులు పోసి కొన్నది కదా!

తమరి ఒంటి మీదే చీమ తలకాయంత అక్షరాల్లో రాసుంది, మూత తీసిన నెల రోజుల్లో వాడి పారేయమని. అంటే తమరు రిటైరై ఏళ్లవుతోంది. ఏటేటా ఎక్స్‌టెన్షన్ ఇచ్చేది మా పిన్ని. "ఎక్స్‌పైరీ ఇంకా ఉంది చూడు" అని చూపిస్తుంది. ఆ తేదీ సీలు విప్పని సీసాకి. విప్పిన దగ్గర్నుంచి గాలీ వేళ్లూ రెప్పలూ లోపలికి ఏం పంపుతున్నాయో ఆ తేదీకి తెలీదు. ఫ్రిజ్‌లో పెడితే గడువు పెరుగుతుందనేది ఇంకో నమ్మకం. కొన్ని చుక్కల్ని చల్లగా ఉంచమని రాసుంటుంది, నిజమే. అయినా ఆ నెల నెలే.

ఇక తమరి ముక్కు సంగతి. మూత లోపలే చిన్న ముల్లుంటుంది. మూతని గట్టిగా బిగిస్తే అదే ముక్కుకి సన్నటి రంధ్రం చేస్తుంది. ఈ ఏర్పాటు చేసినవాడు పిన్నీసనేది ఒకటుందని మర్చిపోయాడు. మా వీధిలో ఏ ఇంట కొత్త సీసా వచ్చినా, మంగళసూత్రానికున్న పిన్నీసు తీసి పొడిచేదే. దాంతో చుక్క పడాల్సిన చోట ధార కడుతుంది. పిన్నీసుకున్న మురికి బోనస్.

ఈ సంక్రాంతికి చిన్నాన్న ఊళ్లో వరి నూర్పులు చేయించి వచ్చాడు, ఎడమ కన్ను ఒక్కటే ఎర్రగా. వెంటనే తమరికి పిలుపొచ్చింది. పడక్కుర్చీలో వెనక్కి వాలి, ఎందుకో నోరు కూడా తెరిచాడు. పిన్ని తమర్ని పట్టుకుంది.

"పడిందా?"

"ఏటో, తెలీనేదు. ఇంకోటెయ్యి."

రెండోది రెప్ప మీద, మూడోది చెంప మీంచి చెవిలోకి. అసలు కంట్లో ఒక్క చుక్కకే పూర్తిగా చోటుండదు. ఎక్కువైనది బయటికి కారుతుంది, లేదా లోపలి మూలనున్న సన్నటి గొట్టం గుండా ముక్కులోకీ గొంతులోకీ దిగుతుంది. "చేదు తగిలిందంటే మందు పట్టినట్టే" అని పిన్ని సర్టిఫికెట్ ఇచ్చేసింది. ఈ గొడవలో తమరి ముక్కు రెప్పవెంట్రుకల్ని రెండుసార్లు తాకింది. తిరిగి ఫ్రిజ్‌లోకి వెళ్లేటప్పుడు చూశాను, చివర పసుపుగా ఏదో అంటుకుని ఉంది.

ఆ తర్వాత ఆసుపత్రిలో నర్సమ్మ వేసినప్పుడు ఇంత హంగామా లేదు. చేతులు సబ్బుతో కడుక్కుంది. కింది రెప్పని జేబులా కిందికి లాగింది, సీసా ఎక్కడా తగలకుండా ఒకే చుక్క వదిలింది, కళ్లు మూయించి ముక్కు పక్క మూలని వేలితో ఒకట్రెండు నిమిషాలు నొక్కి ఉంచింది. రెండో రకం చుక్కలకి అయిదు నిమిషాలు ఆగమంది. ఆయింట్‌మెంట్ ఉంటే అన్నిటికన్నా చివర. "ఇంత తతంగమా? ఈలోగా సత్యనారాయణ వ్రతం అయిపోద్ది" అన్నాడు చిన్నాన్న.

తమరి పేరు ఇంతలా మోగిపోవడానికి అసలు కారణం వేరు. కళ్లకలకలో చాలా భాగం వైరస్‌ది, నీళ్లు కారే రకం. దాని ముందు తమరు ఉత్త నీళ్లే. వారం, పది రోజులకో, ఇంకాస్త ఆలస్యంగానో అదే తగ్గుతుంది. కళ్లు బాగైతే అరసవల్లి సూర్యనారాయణ స్వామికి మొక్కు చెల్లించడం మా జిల్లా అలవాటు కాబట్టి స్వామి వాటా స్వామికి పోతుంది, మిగతా పేరంతా తమరికే. తగ్గే జబ్బుకి ఎదురెళ్లి దండ వేయించుకోవడం మా నాయకులకే చేతనవుననుకున్నాను.

తమరి తమ్ముడొకడున్నాడు, చూడ్డానికి తమరిలాగే ఉంటాడు. యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కలిపిన రకం. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని డబ్బా మీద ఎర్రగా అచ్చేసి ఉంటుంది. "కళ్లెర్రబడ్డాయి, చుక్కలేవైనా ఇయ్యి బావూ" అనేదే మా వాళ్లకి చీటీ. అతగాడు పడిన మర్నాటికే ఎరుపు పోతుంది కాబట్టి ఇంటిల్లిపాదికీ ముద్దు. లోపల ఫంగస్ పుండో హెర్పిస్ అనే వైరస్ పుండో ఉంటే మాత్రం అది లోలోపల ముదురుతుంది. నెలల తరబడి వాడితే నీటికాసులు, శుక్లాలు కూడా రావచ్చు. ఆ తమ్ముడు మా ఫ్రిజ్‌లో లేకపోవడం చిన్నాన్న అదృష్టం.

ఎందుకంటే రెండోరోజుకి నొప్పి ఎక్కువైంది. వెలుతురు చూడలేకపోయాడు, ఎదుటివాళ్ల మొహం మసకగా ఉందన్నాడు. నొప్పి, మసక, వెలుతురు పడకపోవడం, నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ. వీటిలో ఏది కనబడినా తమర్ని పక్కనపెట్టి కంటి డాక్టరు దగ్గరికి పరిగెత్తాల్సిందే. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లకీ, పురిటి పిల్లలకీ ఉత్త ఎరుపైనా సరే ఆగకూడదు. డాక్టరు గారు కంట్లో రంగు వేసి నీలం లైటులో చూశారు. పుండు మీద కొంచెం గీకి మైక్రోస్కోపు కింద పెట్టించారు. ఫంగస్. వడ్ల నుసితోనో వరి ఆకుతోనో గీసుకున్న కంట్లో అది దిగుతుందట. పొలం పనులు చేసే ఊళ్లలో కొత్తేమీ కాదట. ఫంగస్‌ని తమరు ఏమీ చేయలేరు. నాటమైసిన్ చుక్కలు రాశారు, గంటగంటకీ. ఇంకో వారం ఫ్రిజ్‌ని నమ్ముకునుంటే కంట్లో పువ్వు పడేదన్నారు. "ఇంతకుముందు ఏం వేశారు?" అని అడిగితే పిన్ని సంచిలోంచి తమర్ని తీసి బల్ల మీద పెట్టింది. ఆయన తమరి ముక్కు చూశారు, పిన్ని వైపు చూశారు, చీటీ రాసుకున్నారు.

కాబట్టి తమరి సేవలు ఇంతటితో చాలు. నాటమైసిన్ సీసాకి మూత తీసిన తేదీ నేనే పెన్నుతో రాశాను. అది చిన్నాన్న ఒక్కడిదే, ఆయన తువ్వాలూ తలగడ గలీబూ కూడా వేరు చేశాం.

ఒక్క చిక్కే మిగిలింది. నిన్న సాయంత్రం పక్కింటి మామ్మ గారు తమరి కోసం వచ్చారు, మనవడి కళ్లు ఎర్రబడ్డాయట. సీసా లేదన్నాం. ఆవిడ నేరుగా ఫ్రిజ్ తలుపు తీసి చూశారు. ఇవాళ పొద్దున్న మా ఇంటికి కరివేపాకు రాలేదు.

ఇట్లు,
తమరిని ఈ సాయంత్రం సాగనంపబోయే ఇంటిలోని మనిషి