చావు కబురు వేడివేడిగా

మహారాజశ్రీ బ్రేకింగ్ న్యూస్ గారి సముఖమునకు, విశాఖపట్నం కంచరపాలెం నుంచి ఒక మామూలు ప్రేక్షకుడు వ్రాసుకొను విన్నపములు. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు ఇప్పటిదాకా చంపినవాళ్ళు కూడా క్షేమమేనని తలుస్తాను.

ఇంట్లో టీవీ కట్టేసినా మీరు మమ్మల్ని వదలరు. సెలూన్‌లో మీరే, టిఫిన్ సెంటర్‌లో మీరే, ఫోన్ తెరిస్తే "టాలీవుడ్‌లో తీవ్ర విషాదం" అంటూ నలుపు తెలుపు ఫొటో, దాని చుట్టూ పూలదండ, పేరు మాత్రం ఉండదు. పోయిందెవరో తెలియాలంటే నొక్కాలి. కంగారుగా నొక్కితే ఆ పెద్ద హీరో పుట్టిన ఊరు, చదివిన బడి, తొలి సినిమా అన్నీ చెప్పి, చిట్టచివర తేల్చేదేంటంటే పోయింది ఆయన కాదు, ఆయన సినిమాకి పనిచేసిన కెమెరామెన్ గారి మేనమామ. (పాపం ఆ మేనమామ ఫొటో ఎక్కడా వెయ్యరు.)

2025 నవంబర్ 11 పొద్దున మా వీధి సెలూన్‌లో నా గడ్డానికి నురగ పూసి ఉండగా మీరు ధర్మేంద్రని తీసుకెళ్ళిపోయారు. కత్తి పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "అయ్యో, ధర్మేంద్ర పోనాడంట బాబూ" అని ఆయన అలాగే నిలబడి స్క్రీన్ చూస్తుంటే నా బుగ్గ మీద నురగ ఆరిపోతోంది, వెనకాల బెంచీ మీద కూర్చున్న రిటైరైన పెద్దాయన కుర్రతనంలో చూసిన సినిమాలన్నీ చెప్పడం మొదలుపెట్టాడు. కాసేపటికి హేమమాలిని, కూతురు ఈషా ఇద్దరూ ఆయన బతికే ఉన్నాడు మొర్రో అన్నారు. దేశ రక్షణమంత్రి అంతటివారు సంతాపం పెట్టి తీసేసుకున్నారు. మీరు మాత్రం ఏమీ తీసుకోలేదు. పట్టీ మీద అక్షరాలు మార్చారంతే: "ధర్మేంద్ర ఆరోగ్యంపై క్లారిటీ ఇచ్చిన కుటుంబం". అంటే కన్ఫ్యూజన్ వాళ్ళదన్నమాట! "మరి ఇందాక పోనాడన్నోడు ఏటయ్యాడు బాబూ?" అని మా మంగలి అడిగాడు. నా దగ్గర జవాబు లేదు, మీ దగ్గరుంటే చెప్పండి.

ఆ నవంబర్ 24న ఆయన నిజంగానే వెళ్ళిపోయారు. మీ అదృష్టం అంతా ఇక్కడే ఉంది. మనిషన్నాక ఎప్పుడో ఒకప్పుడు పోక తప్పదు కాబట్టి మీ వార్త ఏనాటికైనా నిజమయ్యే తీరుతుంది. ఎన్నికల సర్వేకి ఆ సౌకర్యం లేదు, మా బంగాళాఖాతంలో అల్పపీడనానికీ లేదు.

కోట శ్రీనివాసరావు గారి సంగతి గుర్తుందా? 2023లో ఉగాది ముందురోజు, రేపు పండగ ఎలా చేసుకోవాలా అని ఆలోచించుకుంటున్న మనిషిని పుకారు పాడె ఎక్కించేసింది. పొద్దున్నుంచీ ఫోన్ల మీద ఫోన్లు, జనం పోటెత్తుతారేమోనని ఇంటికి పోలీసులు. పోలీసులకి కూడా ఎదురొచ్చి నేను బతికే ఉన్నానయ్యా అని చెప్పుకుని, ఆ పైన వీడియో కూడా పెట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆయన రెండేళ్ళకు పైగా ఉన్నారు, 2025 జూలై 13న కాలం చేశారు. జయలలిత విషయంలో అయితే 2016 డిసెంబర్ 5 సాయంత్రమే కొన్ని తమిళ ఛానెళ్ళు పోయారనేశాయి, పార్టీ ఆఫీసు మీద జెండా సగానికి దించేశారు, ఆస్పత్రి కాదనగానే మళ్ళీ పైకెత్తారు. ఆస్పత్రి లెక్కలో ఆమె పోయింది ఆ రాత్రి పదకొండున్నరకి. తాడు లాగినవాడి ఇబ్బంది మీకేం తెలుస్తుంది.

మీరొక్కరే పాపులు అనను. మీరు పుట్టకముందే, 1979 మార్చిలో, లోక్‌నాయక్ జయప్రకాశ్ నారాయణ్ బొంబాయి ఆస్పత్రిలో ఊపిరి తీసుకుంటూ ఉండగానే ప్రధాని మొరార్జీ దేశాయ్ పార్లమెంటులో ఆయన మరణవార్త చెప్పేశారు. ఆయన పోయింది ఆ అక్టోబర్‌లో. కాకపోతే అప్పుడది వింత. ఇప్పుడు మీకు రోజువారీ పని.

ఈనాడు పేపర్ మొదలైంది మా ఊళ్ళోనే తెలుసా, 1974 ఆగస్టు 10న. పేపర్ల కాలంలో మనిషి పోవడానికీ ఊరందరికీ తెలియడానికీ మధ్య చాలాసార్లు ఒక రాత్రి ఉండేది. ఆ రాత్రి ఉత్తినే పోయేది కాదండీ. పెద్దకొడుకు రైలెక్కేవాడు. కూతురింటికి ఎవరో ఒక పెద్దమనిషి వెళ్ళి, అసలు సంగతి నోట్లోనే పెట్టుకుని, "నాన్నకి ఒంట్లో కొంచెం బాగోలేదమ్మా, ఒకసారి బయల్దేరు" అనేవాడు. ఆ అమ్మాయికి దారిలోనే సగం అర్థమయ్యేది, గుమ్మం దగ్గర చెప్పుల గుట్ట చూడగానే మిగతా సగం. ఇప్పుడు అమెరికాలో ఉన్న కూతురికి మీ పట్టీ చూసిన స్నేహితురాలు "రిప్" అని మెసేజ్ పెడుతోంది.

మీ ప్రశ్నార్థకం గుర్తు గురించి కూడా చెప్పాలి. "ప్రముఖ నటుడు కన్నుమూత?" ఆ చివర కొక్కెం తగిలించేస్తే చాలు, మీరు వార్త చెప్పినట్టు కాదు, మమ్మల్ని అడిగినట్టు. మాకేం తెలుసండీ?

ఇక పోయినట్టు ఖాయమయ్యాక మీరు చేసేది ఇంకో ఎత్తు. 2018లో శ్రీదేవి దుబాయ్‌లో చనిపోతే, పార్థివదేహం ముంబై చేరేలోగా స్టూడియోల్లోకి బాత్‌టబ్‌లు వచ్చేశాయి. ఒక తెలుగు ఛానెల్ రిపోర్టర్ అయితే టబ్బులో దిగి పడుకుని మరీ చూపించాడు. ఇద్దరు ఆడపిల్లల తల్లి ఆవిడ. మధ్యలో విరామం, విరామంలో వాల్‌పుట్టీ ప్రకటన, మళ్ళీ టబ్బు.

మా వైజాగ్ వాటా మాకు వేరే ఉంటుంది: "విశాఖతో ఆయనకు విడదీయరాని అనుబంధం". ఎవరు పోయినా ఇదే. ఇక్కడ బీచ్‌లో పాట తియ్యని హీరో ఎవడున్నాడు గనక, భీమిలి రోడ్డులో కారు నడపని విలన్ ఎవడున్నాడు గనక! వెంటనే ఆర్.కె. బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ వెనకాల కనపడేలా మైక్ పట్టుకుని, మురీ మిక్చర్ కలుపుతున్న మనిషిని ఆపి, ఆయన ఇక లేరన్న వార్త విని మీకెలా అనిపిస్తోందని అడిగారొకసారి. ఆయన చేతిలో ఉల్లిపాయ ముక్కలు. "మీరే గదా ఇప్పుడు సెప్పినారు, నాకేటి తెలుసు బాబూ" అన్నాడు. ఆ బైట్ మాత్రం ప్రసారం కాలేదు.

ఆ మైక్ పట్టుకున్న కుర్రాడి మీద నాకేం కోపం లేదు. ఆస్పత్రి గేటు దగ్గర రాత్రంతా దోమల్లో నిలబడేది వాడే, పక్క ఛానెల్‌లో ముందే పడిపోయిందేంటని డెస్క్ నుంచి తిట్లు తినేదీ వాడే, కన్ఫర్మ్ కాలేదు సార్ అంటే ఫోన్‌లోనే లైవ్ ఇచ్చెయ్ తర్వాత చూద్దాం అనిపించుకునేదీ వాడే.

కాబట్టి విన్నవించేదేంటంటే, ఇంటివాళ్ళో, డాక్టర్లో చెప్పేదాకా ఆగండి. పక్కోడు ముందు వేస్తే వేసుకోనీండి, ఎవరు ముందు చంపారో మేము లెక్క రాసుకోవడం లేదు. తప్పు పడితే అదే ఎర్ర పట్టీ మీద, అంతే పెద్ద అక్షరాలతో, తప్పయిపోయిందని వెయ్యండి. ఏడుస్తున్నవాళ్ళ నోటి దగ్గర మైక్ పెట్టకండి. గేటు బయటున్న ఆ కుర్రాడికి నెలనెలా సరిగ్గా జీతం ఇవ్వండి, ఈ పూటకి ముందు ఎవరినైనా పంపి టిఫిన్ పెట్టించండి.

ఇట్లు,
సగం గడ్డంతో లేచి వచ్చిన మీ ప్రేక్షకుడు