నీళ్లు తాపడం కాదు, ముందు కళ్లకు గుడ్డ కప్పండి

శేషాచలం అంచున కుక్కలు కరిచిన చుక్కల దుప్పికి జనం చుట్టూ చేరి నీళ్లు తాపిన సంగతి చదివినాను. వాళ్లది మంచి మనసే, కాదనను. కానీ పడుకోబెట్టి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పైగా దుప్పి ప్రాణం గాయం కంటే ముందు బెదురుతోనే పోవచ్చు. కుక్కలు తరిమి తరిమి, ఆపైన మనుషులు పట్టుకుంటే కండరాలే దెబ్బతింటాయి, బయటికి బాగున్నట్టు కనిపించి రెండు మూడు రోజులకు చచ్చిపోతుంది. కుక్కల్ని తరిమి, కళ్లకు గుడ్డ కప్పి, సెల్‌ఫోన్లు లోపల పెట్టి, ఫారెస్టు వాళ్లకు చెప్పి దూరంగా నిలబడటమే మేలు.

మా జేజినాయన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రాకముందు వేటకు పోయినవాడు. మంద వదిలి ఒంటరిగా, చెవులు వాల్చి, మనిషిని చూసినా లేవని దుప్పి జోలికి పోయేవాళ్లు కాదంట. ముక్కులోంచి నల్లరక్తం కారి చచ్చి పడుంటే అసలు ముట్టుకునేవాళ్లు కాదు, దొమ్మరోగమని (ఆంత్రాక్స్) భయం. ఆ భయం సరైనదే, అది మనిషికీ అంటుతుంది.

ఆ దుప్పి సంగతి కింద కామెంట్లలో ఒకాయన 'ఎట్లాగూ చచ్చేదే కదా, కోసుకుంటే ఏం?' అన్నాడు. అన్నా, చచ్చి దొరికిన అడవి జంతువు కూడా చట్టం ప్రకారం ప్రభుత్వ ఆస్తి. చేతికొస్తే 48 గంటల్లో చెప్పాల. ఉచ్చు బిగిసి కాలు కుళ్లిన దుప్పిని ఒక్కసారి దగ్గరగా చూసుంటే ఆ మాట నోట రాదు.