మియాపూర్ నుంచి ఒకరు ఇప్పుడే కొన్నారు

మా అత్తయ్య పచ్చళ్లకు నల్లకుంటలో మంచి పేరుంది. ఆ పేరు విద్యానగర్ దాటడం లేదన్నదే మా మరిది బెంగ. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చేసొచ్చినవాడు ఇంట్లో ఊరికే కూర్చోలేడు కదా! వెబ్‌సైట్ అంతకుముందే ఉంది. నాలుగు ఫొటోలు, ధరలు, ఫోన్ నంబరు, ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్లిచ్చిన 14 అంకెల నంబరు. ఆర్డర్లంటారా, బంధువులు మొహమాటానికి పెట్టేవే.

"వదినా, ఇది షాపులా లేదు, రేషన్ కార్డులా ఉంది" అన్నాడు మరిది.

ముందు ఫొటోల మీద పడ్డాడు. అవన్నీ తీసేసి, ఆవకాయ మీద నూనె పోస్తున్న వీడియో పెడతానన్నాడు, అదీ స్లో మోషన్‌లో. వెలుతురు కుదిరేదాకా బాల్కనీలో అత్తయ్య చేత పోయిస్తూనే ఉన్నాడు. ఆఖరికి జాడీలో ముక్క కోసం గరిటె పెట్టి వెతకాల్సి వచ్చింది. పేజీలో ముఖ్యమైనది రెండున్నర సెకన్లలోపు కనబడితేనే మంచి సైటని గూగుల్ కొలత. ఆ కొలత మాకు చెప్పింది కూడా మరిదే. ఈ వీడియో పెట్టాక అత్తయ్య ఫోన్లో పేజీ తెరుచుకునేలోపు ఆవిడ పోపు వేసి, దించి, మూతపెట్టి వచ్చేవారు.

తర్వాత పెట్టె. "అన్‌బాక్సింగ్ ఎక్స్‌పీరియన్స్ ఉండాలి వదినా" అంటూ బేగంబజార్ వెళ్లి పెద్ద పెద్ద అట్టపెట్టెలు మోసుకొచ్చాడు. అరకిలో సీసాకి 30 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 25 ఎత్తు. చుట్టూ రంగు కాగితం తురుము. కొరియర్ కౌంటర్‌లో అబ్బాయి కాటా వైపు కూడా చూడలేదు, టేపు తీశాడు. మూడు కొలతలూ గుణించి 5000తో భాగిస్తారట. ఆ లెక్కకీ అసలు బరువుకీ ఏది ఎక్కువైతే దానికి డబ్బులు. నాలుగున్నర కిలోలు తేలింది!

"లోపల ఉన్నది అరకిలోనే కదయ్యా" అన్నాను.

"మిగిలిందంతా గాలే మేడం, దానికి గూడ పైసలు కట్టాలె" అన్నాడు.

ఇంత జరిగినా మరిది తగ్గలేదు. కొత్తగా వచ్చేవాళ్లకి షాపు ఖాళీగా కనబడకూడదంటూ సైటులో ఇంకొకటి బిగించాడు. కాసేపటికోసారి టింగుమని గంట మోగి, ఎడమ మూలన చిన్న డబ్బా లేస్తుంది: "మియాపూర్ నుంచి ఒకరు ఇప్పుడే అరకిలో గోంగూర కొన్నారు." ఇంకాసేపటికి ఎల్బీనగర్ వాళ్లు, ఆ తర్వాత మణికొండ వాళ్లు. పైన ఎర్ర అక్షరాల్లో "త్వరపడండి! 3 సీసాలే మిగిలాయి." దాని పక్కన వెనక్కి తిరిగే గడియారం. సున్నాకి చేరాక గుట్టుచప్పుడు కాకుండా మళ్లీ పది నిమిషాల నుంచి మొదలవుతుంది. డిస్కౌంట్ కూపన్ అక్కర్లేదనుకున్నవాడు నొక్కాల్సిన బటన్ మీద ఏం రాశాడో తెలుసా? "వద్దు, నాకు రుచి తెలియదు."

ఇవేవీ వాడు కనిపెట్టినవి కావు. 2023 నవంబరు చివర్లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇలాంటి ఎత్తులకి డార్క్ ప్యాటర్న్స్ అని పేరుపెట్టి, 13 రకాలు ఏకరువు పెట్టి మరీ నిషేధించింది. లేని తొందర పుట్టించడం ఆ జాబితాలో మొదటిది. లేని గిరాకీ చూపించడం కూడా అందులోకే వస్తుంది. వద్దన్నవాణ్ణి సిగ్గుపడేలా చేయడం మూడోది. ఈ సంగతి చెబితే, "అవన్నీ పెద్ద కంపెనీలకి వదినా, మనం పచ్చళ్లవాళ్లం" అని కొట్టిపారేశాడు.

వాళ్లమ్మకి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి హాల్లో కాలు పెట్టే చోటు లేదు. సోఫా మీద గోంగూర కట్టలు, నేల మీద పరిచిన పాత చీరల నిండా కడిగి ఆరబోసిన ఆకు, పైన ఫుల్ స్పీడులో ఫ్యాను. అత్తయ్య, పక్కింటి పిన్నిగారు, పనమ్మాయి ముగ్గురూ కూర్చుని ఆకులు తుంచుతున్నారు. ఉప్పు డబ్బాకి ఆనించిన ఫోను టింగుమంది. అత్తయ్య చెయ్యి కొంగుకి తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, పాల లెక్కల డైరీలో రాశారు: మియాపూర్, అరకిలో.

"పొద్దుట్నుంచి ఊపిరాడట్లేదమ్మాయ్. వీడేం చేశాడో గానీ సిటీ అంతా మన మీద పడింది. మియాపూర్ వాళ్లయితే ఇది నాలుగోసారి. ఇంట్లో పెళ్లేమో పాపం! మూడే సీసాలున్నాయని రాశాడుగా, పరువు పోతుందని మార్కెట్లో ఉన్న గోంగూరంతా తెప్పించేశాను."

గుమ్మంలో పార్సిళ్ల కోసం వచ్చిన కొరియర్ అబ్బాయి తల గోక్కుంటున్నాడు. ఒక్కో పెట్టె మీద ఊరి పేరు తప్ప ఇంకేమీ లేదు. "అమ్మా, మియాపూర్ల ఎవరికియ్యాలె? మెట్రో స్టేషన్ల వెట్టి రావాల్నా?"

మరిది వచ్చాడు. గోంగూరని చూశాడు, డైరీని చూశాడు. చెప్పక తప్పలేదు.

"అంటే ఎవరూ కొనలేదా?"

"కొన్నట్టు కనబడుతుందమ్మా, అంతే. చూసేవాళ్లకి నమ్మకం కలగాలని..."

"చూస్తున్నది నేనొక్కదాన్నే కదరా!"

అక్షరాలా నిజం. ఆ రోజు సైటుకి వచ్చినవాళ్ల లెక్క తీస్తే సగానికి పైగా అత్తయ్య ఫోనే.

ఆ రాత్రి గంట, గడియారం, ఎర్ర అక్షరాలు, రుచి తెలియదన్న బటన్ అన్నీ ఆవిడ పక్కన కూర్చుని తీయించారు. పెట్టెలు చిన్నవయ్యాయి. వీడియో పోయి ఫొటో వచ్చింది. గోంగూర సంగతి ఆవిడే కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టుకున్నారు: "గోంగూర పచ్చడి ఎక్కువ కలిపాను. మావాడి తెలివితేటల వల్ల. ఉప్పు సరిపోయింది, కారం కాస్త ఎక్కువే. కావాల్సినవాళ్లు గిన్నెలు తెచ్చుకోండి." కారం ఎక్కువైందని ఎవరైనా రాస్తారా అని మరిది మొత్తుకున్నాడు గానీ, మర్నాటికి మెట్ల మీద గిన్నెలే గిన్నెలు. ఆ ముక్కే సైటులో కూడా పెట్టించారు.

ఇదంతా సద్దుమణిగాక ఒకనాడు మళ్లీ ఫోన్ టింగుమంది. మియాపూర్, అరకిలో గోంగూర, క్యాష్ ఆన్ డెలివరీ.

"తీసేశానన్నావు?" అని అత్తయ్య కళ్లెర్రజేశారు. తీసేశానని వాడు ఒట్టు పెట్టాడు. ఫ్లాటు నంబరుతో సహా అడ్రసు ఉందని చూపించాడు. "ఓహో, ఇప్పుడు అడ్రసులు కూడా కల్పిస్తోందా నీ మిషను!" అన్నారావిడ. ఎవరూ పార్సిల్ కట్టలేదు.

రెండు రోజులాగి ఫోనొచ్చింది. ఎవరో ఆడమనిషి గొంతు. "గోంగూర ఆర్డర్ పెట్టానండీ, మియాపూర్ నుంచి. ఇంకా రాలేదు..."

అత్తయ్య స్పీకర్ ఆన్ చేసి, మా ఇద్దర్నీ దగ్గరికి రమ్మని సైగ చేశారు.

"అమ్మా, ఏమీ అనుకోకు. నువ్వు నిజంగా ఉన్నావా?"

"అదేంటండీ, ఉన్నాను కాబట్టేగా ఫోన్ చేశాను!"

అత్తయ్య డైరీ తెరిచి పాత పేజీలు తిప్పారు. "మరి ఇంతకుముందు నాలుగుసార్లు తీసుకున్నది మీ ఇంట్లోవాళ్లేనా?"