షోరూమ్‌లో కారుతున్న తేనె గారికి

విజయవాడ బందరు రోడ్డు షోరూమ్ మొదటి అంతస్తులో, నలభై టీవీల్లో ఒకేసారి కారుతున్న తేనె గారికి,

నమస్కారం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా ఇంట్లో అలవాటు. ప్రస్తుతానికి కుశలం మీ ఒక్కరిదే కాబట్టి ఆ మాటలో సగం కొట్టేసి చదువుకోగలరు.

మీకు నేను గుర్తుండకపోవచ్చు. పోయిన ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకి టీవీ కొందామని వచ్చి సాయంత్రం ఐదింటికి వెళ్ళినవాణ్ణి. గంటలో అయిపోతుంది కదా, వచ్చి తిందాంలే అని భోజనం చేయకుండా బయల్దేరాం. పక్కన మా ఆవిడ, వెనకాల ఫోన్లో రివ్యూలు చదువుకుంటూ ఇంటర్ చదివే మావాడు. మీ ముందు నోరు తెరుచుకుని నిలబడ్డది నేనే. మీరు పైనుంచి సన్నగా, తొందరేమీ లేకుండా, ఒక చెక్క గరిటె మీదికి జారుతున్నారు. ఆ ధార మధ్యలో ఒక గాలిబుడగ, ఆ బుడగలో ఎవరింటిదో కిటికీ నీడ కూడా కనపడింది. తర్వాత మీ చుట్టాలు వచ్చారు. పంచవన్నెల రామచిలక, సగానికి కోసిన దానిమ్మ, నీళ్ళలో పడి పొగలా విచ్చుకునే రంగుచుక్క. మళ్ళీ మీరు. షాపువాళ్ళు తిప్పి తిప్పి వేసే ఆ డెమో వీడియోలో రెండు నిమిషాలకోసారి మళ్ళీ మీరే.

నేను అడిగింది ఒక్కటే. "బాబూ, ఇందులో మామూలు ఛానెల్ ఏదైనా పెట్టి చూపిస్తావా?"

"కేబుల్ కనెక్షన్ లేదు సార్."

"పోనీ, నా దగ్గర పెన్‌డ్రైవ్ ఉంది."

"పెన్‌డ్రైవ్‌లు పెట్టనివ్వరు సార్. వైరస్ వస్తుందని."

ముందురోజు రాత్రి పదకొండింటి దాకా మావాణ్ణి కూర్చోబెట్టుకుని అందులో మూడు ముక్కలు ఎక్కించుకున్నానండీ. ఒక సీరియల్, ఒక పాత సినిమాలో రాత్రిపూట సీను, ఒక క్రికెట్ ఓవరు. మా ఇంట్లో టీవీ చూసేది ఆ మూడే. తేనె మేం ఎప్పుడూ టీవీలో చూడలేదు, దగ్గొస్తే తాగుతాం.

ఇక టీషర్టుల సంగతి. అక్కడ ఒక్కో కంపెనీకి ఒక్కో రంగు టీషర్టు. ఎర్ర టీషర్టు అబ్బాయిని అడిగితే కాళ్ళు వాటంతటవే ఎర్ర బోర్డు వైపుకి వెళ్తాయి, నల్ల టీషర్టుని అడిగితే ఎర్రవాటికి సర్వీసు ఉండదు. వాళ్ళని పెట్టుకున్నది షాపు కాదు, కంపెనీలు. అయినా ఆ పిల్లల తప్పేం లేదు, పొద్దుటినుంచీ నిలబడే ఉన్నారు పాపం. మావాడు మాత్రం వదల్లేదు. "బ్రైట్‌నెస్ ఎన్ని నిట్స్ అన్నా?" అని అడిగాడు. "నిట్స్ కాదు తమ్ముడూ, ఇది ఫోర్‌కే." "పోనీ ప్యానెల్ 60 హెర్ట్జా, 120 హెర్ట్జా?" "రెండూ వస్తాయి తమ్ముడూ." నిట్స్ అంటే తెర వెలుగుకి కొలతట, ఫోర్‌కే అంటే తెర మీద చుక్కల లెక్కట, హెర్ట్జ్ అంటే సెకనుకి బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్కట. ఎల్‌ఈడీ అన్నా, క్యూఎల్‌ఈడీ అన్నా లోపల ఉన్నది అదే ఎల్‌సీడీ అని, వెనకాల లైటు, మధ్యలో పొరలు మాత్రమే తేడా అని మావాడు నా చెవిలో చెబుతుంటే, మా ఆవిడ "ఏదో ఒకటి తేల్చండి, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అంది. ఆకలికో, మీ ధారకో తెలీదు.

అసలు విషయానికి వస్తాను. మా అమ్మకి డెబ్బై నాలుగేళ్ళు. ఆవిడ బీసెంట్ రోడ్డులో చీర కొనేటప్పుడు షాపు లైట్లని చచ్చినా నమ్మదు. చీర నచ్చాక, బేరం కూడా అయ్యాక, ఆ మడత అలాగే మోచేతుల మీద వేసుకుని గుమ్మం దాకా నడుస్తుంది. మెట్టు మీద నిలబడి ఎండలో అటూ ఇటూ తిప్పుతుంది, అంచు ఒకసారి, ఒళ్ళు ఒకసారి. లోపల నెమలికంఠం అన్నది బయటికొచ్చేసరికి ఉత్త ఆకుపచ్చ అయిన రోజులున్నాయి. షాపు కుర్రాడు ఏమీ అనుకోడు, పైగా తనే తలుపు పట్టుకుని నిలబడతాడు. రెండు వేల రూపాయల చీరకి మాకు ఆ మర్యాద ఉంది. యాభై వేలు పెట్టి కొనే టీవీకి లేదు. టీవీని గుమ్మం దాకా మోసుకెళ్ళలేం కాబట్టి, ఆ గుమ్మం ఎండని కాస్త పెన్‌డ్రైవ్‌లో పోసుకుని వచ్చాను. అది వైరస్ అయింది.

మీ ఎంపిక ఎంత తెలివైందో ఇంటికొచ్చాక గాని నా బుర్రకి ఎక్కలేదు. మీలో మనుషుల మొహాలు ఉండవు. ఉంటే ఒంటిరంగు తేడా కొట్టిందని ఎవడైనా పట్టేస్తాడు, ఆ పంచవన్నెల చిలక అసలు రంగేమిటో విజయవాడలో ఎవడికి తెలుసు? రాత్రి సీను జోలికి మీరు పోరు. వెనకాల లైటు వెలుగుతూనే ఉండే టీవీలో నలుపు నలుపుగా ఉండదు, చేత్తో తుడిచిన పలకలా ఉంటుంది. వేగంగా కదిలేదేదీ మీలో లేదు, బంతి పోతే వెనకాల తోక వస్తుంది కాబట్టి. అందుకే ప్రపంచంలో అన్నిటికంటే నెమ్మదిగా కదిలే వస్తువుని వెతికి పట్టుకున్నారు. తెలుపు కూడా తెలుపు కాదు, నీలిమందు ఎక్కువైన పంచెలా ఉంటుంది. అంత లైట్ల వెలుగులో అలా ఉంటేనే పక్క టీవీ కంటే ఇది వెలిగిపోతున్నట్టు కనపడుతుందట. రైతుబజారు బయట ఎర్ర టార్పాలిన్ కింద టమాటాలు అమ్మే ఆయన గుర్తొచ్చాడు, పాపం ఆయన కిలోకి ఐదు రూపాయలే కదా ఎక్కువ తీసుకునేది.

కొన్నాం. కొనక ఏం చేస్తాం? 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయింది, "పన్ను తగ్గింది బావా, పెద్దది తీసుకో" అని మా బావమరిది ఫోన్లోంచే పురమాయించాడు. 43 అనుకుని వెళ్ళినవాళ్ళం 55 దగ్గర తేలాం. 55 అంటే మూల నుంచి మూలకి అని, అడ్డంగా కొలిస్తే నాలుగడుగులు అని, మా వడ్రంగి కొట్టిన టీవీ గూడు మూడున్నర అడుగులేనని గుర్తొచ్చేసరికి బిల్లు చేతిలో ఉంది. నో కాస్ట్ ఈఎంఐకి ప్రాసెసింగ్ ఫీజు ఉంది, ఆ ఫీజు మీద మళ్ళీ జీఎస్టీ ఉంది. సన్నటి టీవీలో స్పీకర్లకి చోటు లేదు కాబట్టి సౌండ్‌బార్ తీసుకోమన్నారు. అంటే చోటు లేకుండా సన్నగా చేసింది వాళ్ళే, చోటు అమ్మేదీ వాళ్ళే.

"రేపు పదకొండింటికల్లా మా టెక్నీషియన్ వస్తాడు సార్, అప్పటిదాకా బాక్సు విప్పొద్దు, వారంటీ పోతుంది" అన్నారు. సోమవారం బాక్సు వచ్చింది. సోమవారం టెక్నీషియన్ రాలేదు. మంగళవారం "దారిలో ఉన్నాను సార్" అన్నాడు, ఏ దారో చెప్పలేదు. బుధవారం ఫోన్ ఎత్తలేదు. ఈ మూడు రోజులూ హాల్లో గోడకి ఆనించిన ఆ అట్టపెట్టెకి మా అమ్మ బొట్టు పెట్టింది, రెండో రోజుకి దాని మీద తుండుగుడ్డ కూడా ఆరేసింది.

గురువారం రాత్రి ఏడింటికి వచ్చాడు. గోడకి నాలుగు కన్నాలు, కింద దుప్పటి పరచలేదని మా ఆవిడ నా వైపు ఒక చూపు, స్టాండుకి వేరే డబ్బులు. అన్నీ అయ్యాక స్విచ్ వేశాడు. భాష అడిగింది, దేశం అడిగింది. ఆ తర్వాత ఆ టీవీ ఏమడిగిందో తెలుసా తేనె గారూ? నన్ను ఎక్కడ పెడుతున్నారు, ఇంట్లోనా, షాపులోనా, అని అడిగింది.

మళ్ళీ చెప్తున్నాను. ఇల్లా, షాపా, అని అడిగింది. దానికే తెలుసు రెండూ వేరని.

ఆ అబ్బాయి అలవాటుకొద్దీ షాపు నొక్కేశాడు. ఇక మా హాల్లో మీరు కారారు. పది నిమిషాలు. పక్కింటివాళ్ళు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. చిలక రెక్క విప్పగానే మా అమ్మ సోఫాలో ముందుకి జరిగింది. అప్పుడు అతను "సారీ సార్, తప్పు నొక్కాను" అని మొదటికి వెళ్ళి ఇల్లు నొక్కాడు. ఎవరో హాల్లో ట్యూబ్‌లైటు ఆర్పేసినట్టయింది. ఆ మసక మీదే సెట్‌టాప్ బాక్సు వైరు పెట్టి సీరియల్ వేశాడు.

మర్యాద ఇక్కడితో సరి. ఇకనుంచి నువ్వే.

ఏమయ్యా, నువ్వు నాకు చూపించింది ఏంటి, నేను ఇంటికి తెచ్చుకున్నది ఏంటి? మా కేబుల్లో వచ్చే మామూలు ఛానెల్ బొమ్మ 720 అడ్డం, 576 నిలువు, అంటే 4,14,720 చుక్కలు. నీ ఫోర్‌కే తెర మీద చుక్కలు 82,94,400. మావాడు భాగించి చూశాడు, సరిగ్గా ఇరవై రెట్లు. ఒక గ్లాసు మజ్జిగలో పంతొమ్మిది గ్లాసుల నీళ్ళు పోసి, బంతిలో కూర్చున్న ఇరవై మందికీ వడ్డిస్తున్నావు. అత్తగారి కళ్ళకి కాటుక ఉందో లేదో తెలీట్లేదు. కోడలి మొహం తడిసిన గోడలా ఉంది. "షాపులో వేరేది చూపించి ఇది అంటగట్టారా?" అంది మా ఆవిడ. నాలుగేళ్ళ పాత 32 అంగుళాల టీవీలో ఇంతకంటే బాగుండేదిరా అంది మా అమ్మ, నిజమే, బాగుండేది, చిన్న తెరలో పల్చన తెలిసేది కాదు. ఈ లెక్క ఆదివారం నాడు షాపులో ఎవడైనా చెప్పాడా? ఒక్కడు? నాలుగున్నర గంటలు అన్నం లేకుండా నిలబడితే నాకు ఒక్క నిమిషం సీరియల్ చూపించడానికి మీకు ఏం పోయింది? ఏం పోతుందో నాకు తెలుసు. బేరం పోతుంది.

సినిమా వేస్తే హీరో నడవట్లేదు, జారుతున్నాడు. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములే, మధ్యలో లేనివి టీవీ సొంతంగా వండి ఇరికిస్తుందట, అందుకే పెద్ద సినిమా కూడా పెళ్ళి వీడియోలా ఉంటుందట. టామ్ క్రూజ్ అంతటివాడు 2018 డిసెంబర్లో వీడియో పెట్టి మరీ ఆ సెట్టింగ్ ఆపుకోండి అని జనాన్ని బతిమాలాడు. మాకు వచ్చిన టీవీలో అది ఆన్‌లోనే ఉంది, నాలుగు మెనూల అడుగున. రిమోట్ మీద అంకెలు లేవు. మా అమ్మకి ఛానెల్ నంబర్లన్నీ కంఠతా వచ్చు. ఏం లాభం?

శుక్రవారం రాత్రి మావాడు గంట కూర్చుని అన్నీ మార్చి సినిమా మోడ్‌లో పెట్టాడు. "ఇదే కరెక్ట్ కలర్ డాడీ. తీసినవాళ్ళు ఎలా చూశారో అలా వస్తుంది." మేం ముగ్గురం చూశాం. "కరెక్టయితే అయింది గానీ, అందరికీ కామెర్లు వచ్చినట్టున్నాయి కదరా" అంది మా అమ్మ. మా ఆవిడ నవ్వింది. నాకూ పసుపుగానే కనపడింది, పైకి అనలేదు. వాడు లేచి లోపలికి వెళ్ళగానే రిమోట్ తీసుకుని మళ్ళీ రంగులు దట్టించే వివిడ్‌లో పెట్టింది నేనే. పంచెలు నీలంగా మారాయి, హాయిగా ఉంది. ఇది మీకు ఎందుకు చెప్తున్నానో నాకే తెలీదు, మీరు గెలిచారని అనుకోవద్దు.

పెన్‌డ్రైవ్ ఇంకా నా చొక్కా జేబులోనే ఉంది.

ఇట్లు,
ఇంకా పన్నెండు వాయిదాలు కట్టాల్సినవాడు.

తా.క.: మా అమ్మకి పోయిన నెలలో రెండో కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. నిన్న సీరియల్ అయిపోయాక "ఆ చిలక మళ్ళీ రాదట్రా?" అని అడిగింది. రాదమ్మా, అది షాపువాళ్ళది అన్నాను. మావాడు యూట్యూబ్‌లో వెతికి అలాంటిదే ఏదో ఫోర్‌కేలో పెట్టాడు. చిలక వచ్చింది, దానిమ్మ వచ్చింది, ఆ తర్వాత మీరూ వచ్చారు. అమ్మ కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "ఇంత చిక్కగా ఉందేంటి, పుట్టతేనె అయ్యుంటుంది" అంది. పదిన్నర దాటినా లేవలేదు. నేను కూడా పక్కన కూర్చున్నాను, గాలిబుడగ వస్తుందేమోనని.