వరస కలిపిన బెయిలు

మన కోర్టుల్లో న్యాయమే కాదు, చుట్టరికాలు కూడా దొరుకుతాయని 2020 జులై 30న తెలిసింది. ఆ రోజు మధ్యప్రదేశ్ హైకోర్టు ఇండోర్ బెంచి ఒక పెద్దమనిషికి బెయిలిచ్చింది. ఆయన పక్కింట్లోకి చొరబడి ఆ ఇంటావిడ చెయ్యి పట్టుకున్నాడని ఫిర్యాదు. షరతేమిటయ్యా అంటే, రాఖీ పండగ నాడు పొద్దున పదకొండింటికి భార్యాసమేతంగా, మిఠాయి డబ్బాతో అదే ఇంటికి వెళ్లి అదే ఆవిడ చేత రాఖీ కట్టించుకోవాలి!

ఏర్పాట్లు చూడండి. అన్నగారి లాంఛనం 11 వేలు. ఆవిడ కొడుకుకి బట్టలకు, మిఠాయిలకు 5 వేలు. ఆవిడ ఆశీర్వాదం తీసుకోవాలి. ఇకమీదట ఆవిడను శాయశక్తులా కాపాడతానని మాటివ్వాలి (ఎవరి నుంచి అని అడక్కండి). ఫొటోలు, రశీదులు రిజిస్ట్రీలో దాఖలు చెయ్యాలి. కూడా వచ్చిన వదినగారికి బొట్టు పెట్టి జాకెట్టు ముక్క ఇవ్వాలా వద్దా అన్నదొక్కటే ఉత్తర్వులో రాయడం మర్చిపోయారు. ఈసారి తలుపు గడియ మాత్రం ఆవిడే తియ్యాలి కాబోలు. ఫిర్యాదు ప్రకారం, కిందటిసారి ఆయన ఆ శ్రమ కలగనివ్వలేదు.

మరి బ్యాంకు దోచినవాణ్ని మేనేజరుగారికి తోడల్లుణ్ని చేసి ఎందుకు వదిలెయ్యరో!

జడ్జిగారినొక్కరినే అని లాభం లేదు. ఆకతాయిని పట్టుకోగానే మనం అడిగేదేమిటి? "నీకు అక్కచెల్లెళ్లు లేరా?" అనేగా. రాత్రి తొమ్మిదింటికి షేర్ ఆటో ఎక్కే పిల్ల ముందుగా "అన్నా" అనేది అభిమానంతో కాదు, భయంతో.

ఎవరికీ చెల్లెలు కాలేకపోతే? 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్ కేసు గుర్తుందా? భార్య మీద పోలీసుల అత్యాచారం, నిలదీసిన భర్త వాళ్ల దెబ్బలకు చచ్చిపోయాడు. ఊరు భగ్గుమంది. ఖాకీల జవాబు ఒక్కటే: ఆమె 'అలాంటిది'. విచారణ కమిషన్ తప్పు పోలీసులదే అంది. కేసు రాయచూరుకు మారింది, నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. అలాంటిదైతే? అయితే ఏమిటంట? మొగుడు చచ్చిపోయి ఉంటే పెళ్లాం నడవడిక మీద వాదనలా! సిగ్గుండాలి.

రాఖీ షరతు సంగతంటారా, సుప్రీంకోర్టు గట్టిగా అక్షింతలు వేసి కొట్టేసింది, 2021 మార్చి 18న. పండగ ఆగస్టు 3నే అయిపోయింది లెండి.