వీడియోకి మాత్రం 'టిల్ ఐ కొలాప్స్'
స్పోర్ట్స్ వీడియోలకు అమెరికన్ ర్యాపర్ ఎమినెమ్ 'లూజ్ యువర్‌సెల్ఫ్'ని మించిన ర్యాప్ పాట లేదని మీ పోస్టులో రాశారు. పాట గొప్పదే, ఆస్కార్ గెలిచిన తొలి హిప్‌హాప్ పాట అది. కానీ ఎడిటింగ్‌కి కూర్చుంటే నా ఓటు 2002లోనే వచ్చిన అతని 'టిల్ ఐ కొలాప్స్'కి. మొన్న సంక్రాంతికి మా ఊరి కబడ్డీ పోటీల మీద రెండు నిమిషాల వీడియో చేశాను. ముందు మీరు చెప్పిన పాటే పెట్టాను. పియానో అయ్యి గిటార్ అందుకునేసరికి అర నిమిషం పోయింది, తెర మీద ఇంకా ఒక్క పట్టూ పడలేదు. 'టిల్ ఐ కొలాప్స్' అయితే కవాతు అడుగుల చప్పుడుతో మొదలవుతుంది. కుర్రాళ్లు వరసగా కోర్టులోకి నడిచొచ్చే షాట్ దానికి అతికినట్టు సరిపోయింది. ఆ తర్వాత డ్రమ్ము దెబ్బకో కట్: రైడర్ తొడ కొట్టడం, మోకాలికి అంటిన ఎర్రమట్టి, గీతని అందుకున్న వేలి కొస. చూసిన మా తమ్ముడు మళ్లీ పెట్టమని మూడుసార్లు అడిగాడు. 'లూజ్ యువర్‌సెల్ఫ్' మ్యాచ్‌కి ముందు, టెన్షన్‌తో చేతులు చల్లబడ్డప్పుడు, ఒంటరిగా హెడ్‌ఫోన్స్‌లో వినాల్సిన పాట. టీమ్ సభ్యుల్ని ఒక్కొక్కరిగా పరిచయం చేయాలంటే ఫోర్ట్ మైనర్ అనే ర్యాప్ గ్రూప్ పాట 'రిమెంబర్ ద నేమ్' కూడా పెట్టి చూడండి, ఆ వయొలిన్లకి ప్రతి ముఖమూ హీరోలా కనిపిస్తుంది.